మెట్ట అంటే కొండా, చేనా? తేల్చుకునే పద్ధతి

కాకినాడ జిల్లా పెద్దాపురంలో పాండవుల మెట్ట ఉంది. అది కొండే. కానీ పెద్దాపురం, జగ్గంపేట, ప్రత్తిపాడు వైపు ప్రాంతాన్నంతా జనం ‘మెట్ట’ అనే పిలుస్తారు. అక్కడ ఆ మాటకు కొండతో పని లేదు, కాలువ నీరు ఎక్కని నేల అని అర్థం. అలవాటు లేనివాళ్లు ‘పాండవుల మెట్ట’ను పాండవుల చేను అనుకుంటారు. ఇంకొందరు మెట్ట ప్రాంతాన్ని కొండ ప్రాంతం అని రాసేస్తారు. రెండూ తప్పే.

రెండు అర్థాలూ ఒక్క మూలం నుంచే వచ్చాయి. మెట్ట అంటే మొదట ఎత్తైన నేల. మిట్టపల్లాలు అన్నప్పుడు వినిపించే ‘మిట్ట’ దీని జోడుమాటే, తమిళంలోని ‘మేడు’ కూడా దీనికి చుట్టమే. నీరు పల్లమెరుగు అన్నారు కదా, ఎత్తు నేలకు కాలువ నీరు ఎక్కదు, అక్కడ వాన మీదే సాగు. అలా ఎత్తును చెప్పే మాట మెల్లగా నీటి వసతి లేకపోవడాన్ని చెప్పే మాటగా మారింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తై కాలువలు డెల్టాను తడిపాక గోదావరి సీమలో మెట్టకూ పల్లానికీ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇప్పుడు చేను అర్థమే వాడుకలో ముందుంది. కొండ అర్థం ఎక్కువగా పేర్లలోనే మిగిలింది.

ఏ అర్థమో తేల్చుకోవాలంటే ముందు ఆ మాట ఎక్కడ నిలబడిందో చూడండి. సమాసంలో మొదట వస్తే సాధారణంగా అది విశేషణం: మెట్ట వరి, మెట్ట పంట, మెట్ట తామర. వీటిలో ఎక్కడా కొండ లేదు. ‘మెట్ట వేదాంతం’లోనూ అంతే, తడి లేని వేదాంతమని. చివర వస్తే, ముందు ‘పాండవుల’ లాంటి షష్ఠీ రూపం ఉంటే, అది కొండ పేరు కావచ్చు. ఊళ్ల పేర్లు మాత్రం ఈ సూత్రానికి లొంగవు. మిట్టపల్లిలో మాట మొదటే ఉన్నా అర్థం ఎత్తు నేలే.

తర్వాత విభక్తి చూడండి. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. ‘మెట్ట మీద గుడి ఉంది’ అంటే గుడి కొండపైన ఉంది. ‘మెట్టలో గుడి ఉంది’ అంటే మెట్ట పొలాల మధ్య ఉంది. ‘మెట్టకు వెళ్లాడు’ అంటే ఎటూ తేలదు, ముందు వెనక వాక్యాలు చదవాల్సిందే. ఎకరాలు, సర్వే నంబరు, మాగాణి అనే మాటలు చుట్టుపక్కల ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, అది భూమి తరగతి.

మెట్టుతో వచ్చే చిక్కు వేరు. శ్రీనివాస మంగాపురం వైపు నుంచి తిరుమలకు ఎక్కే దారి శ్రీవారి మెట్టు. ఆ పేరులో ఉన్నది నడక మెట్టు, మెట్ట కాదు. బహువచనంలో తేడా తెలుస్తుంది: మెట్టుకు మెట్లు, మెట్టకు మెట్టలు. సంధి చేస్తే మాత్రం తేడా చెరిగిపోతుంది. మెట్ట + ఎక్కాడు, మెట్టు + ఎక్కాడు రెండూ ‘మెట్టెక్కాడు’ అనే అవుతాయి. అందుకని కొండ అర్థంలో రాసేటప్పుడు సంధి చేయకుండా ‘మెట్ట ఎక్కాడు’ అని విడదీసి రాయండి.

మీరే ఒక ఎత్తుకు ఈ మాట వాడాలనుకుంటే దాని ఆకారం చూసుకోండి. పోగుపడిన మట్టి అయితే దిబ్బ. బండలు తేలిన చిన్న కొండ అయితే గుట్ట చక్కగా కుదురుతుంది. గట్టు అంటే కొన్నిచోట్ల కొండ, కొన్నిచోట్ల పొలం గట్టు, కాబట్టి జాగ్రత్త. కనుమ అసలు కొండ కాదు, కొండల మధ్య దారి. తూర్పు కనుమలు అన్న వాడుక వల్ల ఆ తేడా మరుగున పడింది. చుట్టూ ఉన్న నేల కంటే లేచి, పొడుగ్గా కాకుండా పరుచుకుని ఉన్న ఎత్తుకు మెట్ట సరిపోతుంది. పీఠభూమికి మాత్రం దాన్ని వాడొద్దు, అది చాలా పెద్ద విస్తీర్ణం.

మ్యాపుతో సరిచూసుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 పటాల్లో ఎత్తు గీతల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య అంతరం సాధారణంగా 20 మీటర్లు. అంతకంటే తక్కువ ఎత్తున్న మెట్ట రెండు గీతల మధ్యే దాగిపోవచ్చు. గీత కనపడనంత మాత్రాన అక్కడ ఎత్తు లేదని తేల్చేయకండి. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న పేరును తెలుగులోకి తెచ్చేటప్పుడు అది మెట్టా, మిట్టా, మెత్తా అని ఆ ఊరివాళ్ల నోట విన్నాకే రాయండి.