రీఫ్ ట్యాంకులోకి ఆల్చిప్పను తెచ్చే ముందు

రీఫ్ ట్యాంకు అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. అందులోకి పెద్ద ఆల్చిప్ప (జెయింట్ క్లామ్) తేవాలంటే ముందు అనుమతి కాగితాలు చూసుకోండి. మాక్సిమా, స్క్వామోసా రకాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తెలిసినవాళ్లు ఇచ్చినా తీసుకోకండి. కొత్తవాళ్లకు పెంపకంలో పుట్టిన డెరాసా రకం నయం, అదీ అటవీశాఖను అడిగాకే.

నా అసలు టెన్షన్ కడప ఎండలు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినా ట్యాంకు నీళ్లు 25–27 మధ్యే ఉండాలి. నీళ్లు చల్లబరిచే చిల్లర్ ఉందా? కరెంటు పోతే పంపుకు ఇన్వర్టర్ ఉందా? బోరు నీళ్లు అసలొద్దు, ఆర్వో-డీఐ నీళ్లే (లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు), వాటిలోనే సముద్రపు ఉప్పు కలుపుకోవాలి.

- కాల్షియం 400–450 పీపీఎం, లైటు బలంగా.
- చేతి నీడ పడితే చటుక్కున ముడుచుకోవాలి. ముడుచుకోకపోతే కొనకండి.
- 3 అంగుళాలకు తక్కువది వద్దు.
- ఆల్చిప్ప రాయిని పట్టుకునే దారాలను లాగకండి. పాదం చిరిగితే బతకడం కష్టం.

ట్యాంకులో ఎప్పుడైనా రాగి మందు వాడారా? అయితే ఆ ట్యాంకులో వేయకండి.