పాత ఇంటి నాపబండలు: తెల్లపూత, మచ్చలు, ఊగే బండలు - ఏం చేయాలి?

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో మా అవ్వ కాపురం చేసిన మిద్దెకు నేలంతా నల్ల నాపబండలే. ఏళ్ల తరబడి తాళం వేసి ఉంచి తెరిస్తే నడవంతా తెల్లపూత, వంటింట్లో ఊగే బండలు. చూసినవాళ్లంతా టైల్స్ వేసెయ్యమన్నారు. నాకు మనసొప్పలేదు. ఆ నేలను బాగుచేసుకుంటూ నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట గుర్తుంచుకోండి. కడప బండైనా, బేతంచెర్ల బండైనా, తాడిపత్రి బండైనా సున్నపురాయే. గ్రానైట్ లాగా గట్టిది కాదు, యాసిడ్‌కు అసలు ఆగదు. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కాబట్టి చెమ్మ పడితే పొరలు విడిపోతాయి.

బండల మీద, దర్జుల (బండల మధ్య సందుల) వెంట తెల్లటి పొడి. తుడిచినా వారానికే మళ్లీ వస్తుంది

అది ఉప్పు. నేలలోని చెమ్మ పైకెక్కి, నీరు ఆరిపోయి, అందులోని ఉప్పు బండ మీద మిగులుతుంది. మన చౌడు నేలల్లో ఇది మరీ ఎక్కువ. చెమ్మ కిందినుంచే వస్తోందా అని తేల్చుకోవడానికి మూరెడు ప్లాస్టిక్ షీటును బండ మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటు అడుగున నీటి బొట్లు కనిపిస్తే కిందినుంచే.

ఇక నీళ్లెక్కడివో వెతకాలి. మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి గడప కంటే ఎత్తు చేశారు. వాననీళ్లన్నీ గోడ మొదట్లోకే. దానికి తోడు గోడల అడుగున పాత సున్నం కొట్టేసి సిమెంటు పూయించాం. గోడలోంచి ఆరాల్సిన చెమ్మకు దారి మూసుకుపోయి బండల్లోంచి పైకి వచ్చింది. గోడ వెంట చిన్న కాలువ తీసి, అడుగున రెండడుగుల మేర సిమెంటు పూత తీయించి సున్నం పూయించాక ఒక ఎండాకాలం గడిచింది. అప్పటికి బండల మీద తెల్లపూత తగ్గింది.

పొడిని ఎండు బ్రష్‌తోనే ఊడ్చి బయట పారెయ్యండి. నీళ్లు పోసి కడిగితే ఉప్పు కరిగి మళ్లీ బండలోకే దిగుతుంది. చెమ్మ పోకముందు ఏ సీలర్ కోటింగూ వేయించకండి. అది ఉప్పును లోపల బంధిస్తుంది, ఆ ఉప్పు అక్కడే గడ్డకట్టి పొరలు లేపుతుంది.

పొరలు లేచి పెచ్చులుగా ఊడుతోంది

పైన చెప్పిన ఉప్పు పనే. వదులైన పెచ్చులు తీసెయ్యండి, గమ్ముతో అంటించకండి. బండ మందంగా ఉంటే తిరగేసి పరచొచ్చు. అడుగువైపు గరుకుగా ఉంటుంది, ఉలితో కొంచెం చదును చేయించాలి.

నల్లబండ మీద తెల్లగా, వెలిసినట్టు మచ్చలు. ఎంత కడిగినా పోవు

ఇది నన్ను బాగా బాధపెట్టిన విషయం. "అన్నా, యాసిడ్ పోస్తే అద్దంలా మెరుస్తుంది" అని పనికొచ్చినతను బాత్రూం యాసిడ్ పోశాడు. బుసబుసా పొంగింది. ఆరాక వరండా అంతా బూడిద రంగు. అది మచ్చ కాదు, రాయి పైపొర తినేసిన గుర్తు. నిమ్మరసం, చింతపులుసు పడి అలాగే ఉండిపోయినా చిన్నగా ఇదే జరుగుతుంది.

కడిగితే పోదు, రుద్దాలి. చిన్న చోటైతే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) 220, తర్వాత 400, ఆపైన 600 నంబరు, నీళ్లు చల్లుతూ చేత్తో రుద్దండి. గదంతా అయితే పాలిష్ మిషన్ తప్పదు. కానీ అద్దంలా మెరిపించమని అడగకండి. పాత బండలు చేత్తో చెక్కినవి, ఎత్తుపల్లాలు సహజం. అంతా చదును చేస్తే రాయి సగం పోతుంది, తడికి కాలు జారుతుంది. సిమెంటు చుక్కలు, పెయింటు మరకలు పడితే యాసిడ్ జోలికి పోకుండా బ్లేడుతో ఓపిగ్గా గీకాలి.

నూనె మరకలు

సుద్దపొడిలో డిటర్జెంటు నీళ్లు కలిపి ముద్దచేసి మరక మీద అరంగుళం మందాన పెట్టండి. ప్లాస్టిక్ కప్పి ఒక రోజు ఉంచి, కవరు తీసి పూర్తిగా ఆరనివ్వండి. ఆరేటప్పుడే నూనెను లాగుతుంది. పాత మరకకు రెండు మూడుసార్లు పెట్టాలి.

తొక్కితే ఊగుతోంది, తడితే డొల్ల శబ్దం

అడుగున ఇసుక జారిపోయి ఉంటుంది, లేదా పందికొక్కు తవ్వి ఉంటుంది. బండలన్నిటికీ సుద్దముక్కతో నంబర్లు వేసి, ఫోటో తీసుకుని అప్పుడు లేపండి. ఒక్కో బండ మందం ఒక్కోలా ఉంటుంది, తారుమారైతే మట్టం కుదరదు. గడ్డపార కింద గోనెపట్ట పెట్టాలి, లేకపోతే అంచు విరుగుతుంది. అడుగున గట్టిగా దిమ్మిస చేసి, ఒక వంతు సున్నానికి మూడు వంతుల ఇసుకతో పరుపు వేయండి. బండ అడుగంతా ఆనాలి. నాలుగు మూలల ముద్దలు పెట్టి వదిలేస్తే మళ్లీ డొల్లే. దర్జులకూ సున్నమే వాడండి. సిమెంటు దర్జు రాయి కంటే గట్టిపడి అంచులు విరగ్గొడుతుంది.

విరిగిన బండకు బదులు కొత్తది కొనేముందు పెరట్లో, గొడ్లపాకలో చూడండి. మాకు గాడి పక్కనే అదే కాలపు బండలు మూడు దొరికాయి.

నలుపు పోయి బూడిద రంగులో ఉంది, మరే లోపమూ లేదు

చెమ్మ లేదని తేలాక లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, గుడ్డతో పలచగా రాసి అరగంటకు మిగిలింది తుడిచెయ్యండి. కొబ్బరినూనె వద్దు, జిడ్డుగా ఉండి దుమ్ము పడుతుంది. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతటవే అంటుకోగలవు. నీళ్లలో ముంచి, ఆరుబయట విప్పి పరచండి.