తలుపు తీసే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డుకు నకలు పుట్టకుండా చూడటం ఎలా?

ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు అంటే రేడియో తరంగాలతో చదివే కార్డు. దాన్ని చూపగానే రీడర్ బీప్‌మంటుంది, తలుపు తెరుచుకుంటుంది. కార్డు తన నంబరు చెప్పి ఊరుకుందా, లేక తానే అసలు కార్డునని రుజువు చేసుకుందా అన్నది మాత్రం ఆ బీప్ చెప్పదు. తెలుసుకోవాల్సింది అదే.

ముందు కార్డు ఏ రకమో చూడండి. ఎన్‌ఎఫ్‌సీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ట్యాగ్‌ఇన్‌ఫో లాంటి యాప్ తెరిచి, ఫోన్ వెనక కార్డు ఆనించండి. ఉలుకూ పలుకూ లేకపోతే అది చాలావరకు 125 కిలోహెర్ట్జ్ పాత కార్డు. వీటిలో ఈఎం4100 తరహావి ఏ రీడర్ దగ్గరికొచ్చినా ఒకే నంబరు అప్పజెబుతాయి. ఆ నంబరును ఇంకో ఖాళీ కార్డులోకి ఎక్కించడం క్షణాల పని. వీటిని మార్చేయడమే, వేరే దారి లేదు.

యాప్ మైఫేర్ క్లాసిక్ అనే కార్డు రకం చూపించినా సంబరపడొద్దు. దాని క్రిప్టో1 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో రహస్య కీ పొడవు 48 బిట్లే. పరిశోధకులు 2008 నాటికే దాన్ని ఛేదించారు. డెస్‌ఫైర్ ఈవీ2, ఈవీ3 రకాలైతే ఏఈఎస్ అనే గట్టి ఎన్‌క్రిప్షన్ ఉంటుంది కాబట్టి చిప్ వరకు ఫర్వాలేదు.

అసలు తిరకాసు రీడర్ దగ్గరుంది. ఖరీదైన కార్డులు కొని, రీడర్‌ను మాత్రం యూఐడీ (చిప్ గుర్తింపు నంబరు) చదివి వదిలేసేలా పెట్టడం మామూలే. యూఐడీ ఎవరడిగినా చెప్పే నంబరు. దాన్ని మార్చుకోగల నకిలీ కార్డులూ దొరుకుతాయి. కనిపెట్టడానికి ఓ చిన్న పరీక్ష చాలు: మీ సిస్టమ్‌తో సంబంధమే లేని 13.56 మెగాహెర్ట్జ్ కార్డు (ఫోన్ ఎన్‌ఎఫ్‌సీ చదివే రకం) ఒకటి అడ్మిన్‌కిచ్చి, అందులో ఏమీ రాయకుండా కొత్త యూజర్‌గా చేర్చమనండి. దాంతో తలుపు తెరుచుకుందంటే అక్కడ అథెంటికేషన్, అంటే అసలు కార్డునని రుజువు చేసుకోవడం, లేనట్టే.

అప్పుడు సిస్టమ్ పెట్టినవాళ్లను పరస్పర అథెంటికేషన్ ఆన్ చేయమని అడగండి. ఇందులో కార్డు, రీడర్ ఒకదానికొకటి రాండమ్ నంబర్లు పంపుకుంటాయి. రహస్య కీ ఉంటేనే సరైన జవాబు ఇవ్వగలవు. కీ గాల్లోకి రాదు. ప్రతిసారీ నంబర్లు మారతాయి కాబట్టి నిన్నటి సంభాషణను రికార్డు చేసి ఇవాళ వినిపిస్తే పనిచేయదు.

కీల సంగతి గట్టిగా పట్టుకోండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డిఫాల్ట్ కీలు, అంటే అన్నీ ఎఫ్‌లు లేదా అన్నీ సున్నాలు, అలాగే ఉంటే ఏఈఎస్ ఉన్నా దండగే. ప్రతి కార్డుకూ మాస్టర్ కీ నుంచి వేరే కీ పుట్టించాలి. అప్పుడు ఒక కార్డు కీ బయటపడినా మిగతావి భద్రం. మాస్టర్ కీ ఎవరి చేతిలో ఉందో, అదే కీని ఇతర కస్టమర్లకూ వాడుతున్నారేమో రాతపూర్వకంగా అడగండి. కొంచెం ఇబ్బందిపడతారు, పడనివ్వండి.

కొత్త కార్డులు అందరికీ చేరాక రీడర్‌లో 125 కిలోహెర్ట్జ్ చదవడం ఆపేయాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. ఆపకపోతే పాత నకలు కార్డు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

రీడర్ నుంచి కంట్రోలర్‌కు (తలుపు తెరవాలా వద్దా అని తేల్చే పెట్టెకు) వెళ్లే వైర్ వీగండ్ అనే పాత పద్ధతిది అయితే అందులో డేటా ఎన్‌క్రిప్షన్ లేకుండానే వెళ్తుంది. ఓఎస్‌డీపీ అనే కొత్త పద్ధతికి మారి, అందులో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే సెక్యూర్ చానల్ ఆన్ చేయించండి.

ఇవన్నీ చేసినా రిలే దాడి మిగులుతుంది. ఒకరు మీ జేబు దగ్గర, ఇంకొకరు తలుపు దగ్గర పరికరాలు పట్టుకుని సంకేతాలను అటూ ఇటూ మోస్తారు. జవాబిచ్చేది అసలు కార్డే కాబట్టి ఏఈఎస్ ఏమీ చేయలేదు. జవాబుకు పట్టే సమయాన్ని కొలిచే ప్రాక్సిమిటీ చెక్ డెస్‌ఫైర్ ఈవీ2 నుంచి ఉంది, కానీ రీడర్ కూడా దాన్ని వాడాలి. సర్వర్ గది లాంటి చోట కార్డుతో పాటు పిన్ కూడా పెట్టించండి.