కట్ ఆఫ్ మెషిన్ స్విచ్ వేసే ముందు

ఇనుప పైపులు, యాంగిళ్లు కోసే 14 అంగుళాల మెషిన్‌కు ఈ జాగ్రత్తలు.

• ప్లగ్ తీసి చక్రాన్ని చూడండి. పగులు ఉన్నా, పెచ్చు ఊడినా, తడిసినా పారేయండి. దానిపై ఉన్న ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు అనే అంకె) మెషిన్ ఆర్‌పీఎం కంటే తక్కువ కాకూడదు. గడువు తేదీ దాటితే, ఎంత కొత్తగా కనిపించినా వాడకండి.

• గార్డు (చక్రాన్ని కప్పే కవచం) తీసేసి కోసేవాళ్లు చాలామంది. చక్రం పగిలితే ముక్కలు మీ మీదికి రాకుండా ఆపేది అదే!

• కళ్లద్దాలు, వాటిపైన ఫేస్‌షీల్డ్, చెవులకు రక్షణ. కండువా, వదులు చొక్కా వద్దు.

• పైపును వైస్‌లో బిగించండి. పొడవైనదైతే రెండో చివర కింద కూడా ఆధారం పెట్టండి.

• నిప్పురవ్వలు పడే వైపు థిన్నర్, పెయింటు, గ్యాస్ సిలిండర్ ఉంటే ముందు తీసేయండి.

• కొత్త చక్రం బిగించాక పక్కకు నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.