ఆడపిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పడం ఎలా?

"ఇంట్లోనే ఉంది కదా, ఆ బియ్యం కాస్త ఏరమనండి." "ఇంట్లోనే ఉంది కదా, చంటాడిని ఒక్క అరగంట చూసుకోమనండి." మా పెద్దమ్మాయిని బడి మాన్పించి ఇంటి దగ్గర చదివించడం మొదలుపెట్టిన నెలలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇది. అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మా అత్తయ్యగారు, తోడికోడలు, పక్కింటి పిన్నిగారు.

మాది కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఊరు. పెద్దది ఆరో తరగతిలో ఉండగా ర్యాంకుల టెన్షన్‌తో అన్నం సహించేది కాదు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేది. ఒక ఏడాది ఊపిరి పీల్చుకోనిద్దాం అని ఇంటికి తెచ్చుకున్నాం. మూడేళ్లయింది. చిన్నది కూడా అక్క పక్కన చేరింది. ఇప్పుడు ఒకదానికి పధ్నాలుగు, ఒకదానికి తొమ్మిది. మగపిల్లాడు ఇంటి దగ్గర చదువుతున్నాడంటే, చదువు ఎలా సాగుతోందని అడుగుతారు. ఆడపిల్లయితే ఇంటికి ఒక చెయ్యి సాయం వచ్చిందనుకుంటారు. అందుకే ఇక్కడ పాఠాలు ఎలా చెప్పాలన్నదాంతో పాటు, పిల్ల చదువుకునే గంటల్ని ఎలా కాపాడాలో కూడా రాస్తున్నాను.

1. ముందు కాగితాలు

6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య 2009లో చట్టమైంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి చదువుకంటూ అందులో ప్రత్యేకమైన ఏర్పాటేమీ లేదు. కాబట్టి ఊళ్లో బడి మానేసిన పిల్లల లెక్క తీసేటప్పుడు మీ ఇంటికీ వస్తారు. దాక్కోకండి. ఊరి హెడ్మాస్టరుగారిని మీరే ముందుగా కలిసి, ఏం చేస్తున్నారో చెప్పండి. పిల్ల ఏ రోజు ఏం చదివిందో తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాయండి. అడిగిన రోజున చూపించడానికి అది ఉంటుంది. తల్లికి వందనం లాంటి పథకాల డబ్బు బడిలో పేరు, హాజరు ఉన్న పిల్లలకే వస్తుంది. దాన్ని వదులుకోగలరా లేదా అన్నది ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

పదో తరగతి సర్టిఫికెట్‌కు దారి ఉంది. కేంద్రానికి చెందిన జాతీయ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లోనైనా, రాష్ట్ర ఓపెన్ స్కూల్‌లోనైనా 14 ఏళ్లు నిండిన పిల్ల పది రాయవచ్చు. ఎన్‌ఐఓఎస్‌లో తెలుగు మీడియం ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి పరీక్షలు పెడతారు. సర్టిఫికెట్‌కు కనీసం ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడు తేలికని చూసుకోకండి. రేపు ఇంటర్‌లో ఎంపీసీ గానీ బైపీసీ గానీ చదవాలంటే పదిలో లెక్కలు, సైన్సు ఉండాలి. ఇంకొకటి: జనన ధ్రువపత్రం, ఆధార్, పాత బడి టీసీ మూడింట్లోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడండి. మా పెద్దదాని ఆధార్‌లో పేరు చివర ఒక అక్షరం తగ్గింది. సరిచేయించడానికి నాలుగుసార్లు తిరిగాం.

2. వారం రోజులు లెక్క రాయండి

మొదట్లో మా పెద్దది ఏ పాఠమూ పూర్తి చేసేది కాదు. శ్రద్ధ లేదనుకుని కేకలేశాను. తర్వాత ఒక వారం గడియారం పక్కన కాగితం పెట్టుకుని, చదువు మధ్యలో దాన్ని ఎవరు, ఎందుకు లేపారో రాశాను. సోమవారం ఒక్క పొద్దున్నే పదకొండు సార్లు. అందులో నాలుగుసార్లు లేపింది నేనే. పాలవాడొచ్చాడు గిన్నె పట్టుకెళ్లమని, చెల్లికి జడ వెయ్యమని, ఫోన్ ఎక్కడుందో చూడమని. ఆ కాగితం మా ఆయనకి చూపించాను, అత్తయ్యగారికి చదివి వినిపించాను. నేను వాదించిన రోజుల్లో అర్థం కానిది అది చూశాక అర్థమైంది. మీరూ ఇలాగే చేయండి. అందరి పేర్లూ రాయండి, మీ పేరుతో సహా.

తర్వాత మూడు గంటలు కట్టుదిట్టం చేయండి. బడిలా ఎనిమిది పీరియడ్లు అక్కర్లేదు. ఇద్దరు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పేటప్పుడు ఏడు నుంచి పది దాకా నిక్కచ్చిగా సాగితే చాలా పాఠం అవుతుంది. మధ్యాహ్నం చదువుకునేది, బొమ్మలు వేసుకునేది వాళ్ల ఇష్టం. మేం గుమ్మానికి ఒక పలక కట్టాం. పలక ఉన్నంతసేపు పిల్లల్ని ఎవరూ పిలవకూడదు. చుట్టాలొచ్చినా కాఫీ నేనో మా ఆయనో కలుపుతాం. మొదటి పదిహేను రోజులు కొందరికి కష్టంగా తోచింది. ఒక పెద్దావిడ ముఖం మాడ్చుకుని వెళ్లింది కూడా. అప్పుడు వెనక్కి తగ్గి ఉంటే పలక మర్నాడే అటకెక్కేది.

ఇంటి పని పిల్లలు నేర్చుకోవద్దని నేను అనను. మా ఇద్దరూ అన్నం వండుతారు, గిన్నెలు కడుగుతారు. కానీ పనికి ఒక వేళ, ఒక హద్దు ఉండాలి. ఇంట్లో మగపిల్లలుంటే వాళ్లకూ అవే పనులు రావాలి. ఆదివారం పూట ఎవరి పని ఏమిటో కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. మా ఇంట్లో పెరుగు తోడు పెట్టేది మా ఆయన.

3. లెక్కలు పెరట్లోంచి మొదలుపెట్టండి

రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉంటాయి. ఇంటి దగ్గర చెప్పేవాళ్లకు ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు. దీక్ష యాప్‌లో ఉచితంగా చూడవచ్చు. పుస్తకాన్ని వెన్నెముకలా పెట్టుకుని, లెక్క మాత్రం చేతికి అందే వస్తువుతో మొదలుపెట్టండి.

భిన్నాలు రాక చిన్నది ఏడుస్తుంటే అత్తయ్యగారు అటక మీంచి పాత కొలపాత్రలు దింపారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. బియ్యం పోసి చూస్తే గిద్ద అంటే మానికలో పదహారో వంతు అని దానికే తట్టింది. మరి కుంచంలో ఎన్నో వంతు అని అడిగితే సాయంత్రం దాకా కొలిచి అరవై నాలుగో వంతు అని వచ్చి చెప్పింది. అత్తయ్యగారు ఆ రోజు నుంచి పలక వైపు మనిషి అయ్యారు. మీ ఇంట్లోనూ పెద్దవాళ్లకు పాఠంలో ఒక చోటు ఇవ్వండి. బయట కూర్చోబెడితే అడ్డు చెప్పాలనిపిస్తుంది ఎవరికైనా.

దింపు రోజున కాయల లెక్క పెద్దదానికి అప్పజెప్పాం. ఎన్ని చెట్లు ఎక్కారు, చెట్టుకు సగటున ఎన్ని కాయలు దిగాయి, దింపు కూలి, వలుపు కూలి పోను ఏం మిగిలింది, కురిడీకి, అంటే ఎండు కొబ్బరికి ఆపితే లాభమా ఇప్పుడే అమ్మితే లాభమా. సగటు, శాతం, లాభనష్టాలు మూడు పాఠాలూ ఆ నోటుబుక్కులోనే అయిపోయాయి. సంభావ్యత చెప్పాలంటే అష్టాచమ్మా గవ్వలు చాలు. నాలుగు గవ్వలు వంద సార్లు వేయించి, ఎన్నిసార్లు ఎన్ని వెల్లకిలా పడ్డాయో రాయించండి. నాణేలతో మళ్లీ వేయించండి. రెండు పట్టికలూ ఎందుకు కలవలేదో వాళ్లనే చెప్పమనండి.

వరద రోజుల్లో గోదావరి లంకల్లో బళ్లే ఆగిపోతాయి. ఆ రోజుల్లో మా పాఠం గోదావరి ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం నుంచి వస్తుంది. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. టీవీలో పదకొండు పాయింట్ డెబ్బై ఐదు అని వినగానే పదకొండు అడుగుల డెబ్బై ఐదు అంగుళాలా అని అడిగింది చిన్నది. దశాంశాలు చెప్పడానికి అంతకంటే మంచి వేళ రాదు. అడుగుకు పన్నెండు అంగుళాలు కదా, అందులో ముప్పావు అంటే తొమ్మిది. టేపు తెచ్చి గోడ మీద గీత గీశాం. పెద్దదానికి క్యూసెక్కుల లెక్క. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు అంటే దాదాపు 28.3 లీటర్లు. పది లక్షల క్యూసెక్కులంటే సెకనుకు రెండు కోట్ల ఎనభై లక్షల లీటర్ల పైమాటే. ఆ అంకె వేసిన రోజు అది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

సాంఘిక శాస్త్రానికి ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం ఒకసారి చూపించండి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కథ అక్కడుంది.

4. రెండు వయసులు, ఒక బల్ల

ముందు చిన్నదానికి ఇరవై నిమిషాలు చెప్పి రాతపని ఇవ్వండి, తర్వాత పెద్దదాని దగ్గరకు వెళ్లండి. పెద్దదాన్ని చిన్నదానికి టీచరుగా పెట్టేయకండి. వారానికి ఒకరోజు సరదాగా చెబితే మంచిదే. రోజూ అయితే అది కూడా ఇంటిపనిలాగే దాని గంటల్ని తినేస్తుంది.

5. అమ్మ, టీచరమ్మ ఒక్కరే అయినప్పుడు

ఇది నాకు అన్నిటికంటే కష్టమైంది. బడిలో లెక్క తప్పితే ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడుస్తుంది పిల్ల. ఇక్కడ తిట్టిందే అమ్మ, మరి ఎవరి దగ్గర ఏడవాలి? బీజగణితం దగ్గర మా పెద్దదీ నేనూ మూడు రోజులు మాట్లాడుకోలేదు. చివరికి రిటైరైన లెక్కల మాస్టారి దగ్గరకు వారానికి రెండు రోజులు పంపడం మొదలుపెట్టాం. నెలలో సమీకరణాలు వచ్చేశాయి. మీకు రాని సబ్జెక్టు, వచ్చినా గొడవ వస్తున్న సబ్జెక్టు ఇంకొకరికి అప్పగించండి. గొంతు పెరుగుతోందని తెలియగానే పుస్తకం మూసి పెరట్లోకి వెళ్లండి. పదింటి తర్వాత ఎన్ని తప్పులు మిగిలున్నా ఆ ప్రస్తావన తేకండి.

6. పెద్దమనిషి అయ్యే ముందే మాట్లాడండి

తొమ్మిది, పదేళ్లకే చెప్పడం మొదలుపెట్టాలి. బడిలో స్నేహితురాళ్ల ద్వారా తెలిసే సంగతులు ఇంటి దగ్గర చదివే పిల్లకు చేరవు, మీరే చెప్పాలి. ప్యాడ్ ఎలా వాడాలో, నాలుగైదు గంటలకోసారి ఎందుకు మార్చాలో చేతిలో పెట్టి చూపించండి. మొదటి రెండేళ్లు నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య అటూ ఇటూగా రావచ్చని చెబితే పిల్ల భయపడదు. ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు అసలు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలుకాకపోయినా డాక్టరమ్మకు చూపించాలి.

మన వైపు ఈడేరిన పిల్లకు చిమ్మిలి పెడతారు. నువ్వులు, బెల్లం మంచి ఆహారమే, కానీ ఆ కొద్ది రోజులతో సరిపెట్టకండి. ప్రతి నెలా రక్తం పోయే వయసులో ఇనుము ఎప్పుడూ కావాలి. మునగాకు, తోటకూర, పప్పులు పెట్టి, పైన నిమ్మకాయ పిండండి. అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, ఇనుము ఒంటికి పట్టనివ్వదు.

మా పెద్దదాన్ని కూర్చోబెట్టినప్పుడు చుట్టాలంతా వచ్చారు. "ఇంక చదువెందుకమ్మా, బావ ఉన్నాడుగా" అని ఒకరు నవ్వుతూ అన్నారు. పిల్ల వింటోంది. నేను కూడా నవ్వి ఊరుకుంటే అది ఒప్పుకున్నట్టే అనుకుంటుంది. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చట్టం ఒప్పుకోదు, చదువు పూర్తికాకుండా మేం ఒప్పుకోం అని అందరి ముందూ చెప్పాను. మీరూ పిల్ల వినేలా, అదే క్షణంలో చెప్పండి. ఆ రోజుల్లోనూ పుస్తకాలు దాని పక్కనే ఉంచాం. కడుపునొప్పి ఉన్న రోజు పడుకోనిచ్చాం.

ఒంటిని ఎవరు తాకకూడదో కూడా ఈ వయసుకే చెప్పాలి. చుట్టాలైనా సరే. రహస్యంగా ఉంచమని పెద్దవాళ్లెవరైనా అంటే వెంటనే అమ్మకు చెప్పాలి. పిల్లల సహాయానికి 1098, ఏ ఆపదకైనా 112. ఈ రెండు నంబర్లూ మా పిల్లలకు ఎక్కాల్లా నోటికి వచ్చు.

7. గడప దాటించండి

ఇంటి చదువులో ఆడపిల్లకు అసలు నష్టం ఇక్కడ జరుగుతుంది. బడి లేకపోతే బయటికి వెళ్లే కారణమే ఉండదు. ఆ కారణాన్ని మీరు తయారుచేయాలి. సైకిలు నేర్పండి. శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని వారానికోసారి పుస్తకం మార్చుకు రమ్మనండి. పోస్టాఫీసు, బ్యాంకు పనులు పదమూడేళ్లు దాటాక పక్కన నిలబడి వాళ్లచేతే చేయించండి. సాయంత్రాలు బడి నుంచి వచ్చిన పిల్లలతో ఆడుకోనివ్వండి.

ఈత తప్పనిసరిగా నేర్పండి. చుట్టూ కాలువలే ఉన్న చోట మగపిల్లలు ఎలాగోలా నేర్చుకుంటారు, ఆడపిల్లలు ఒడ్డునే ఉండిపోతారు. నడుముకి ఎండు కొబ్బరికాయల జత కట్టి, ఈతొచ్చిన పెద్దవాళ్లు పక్కన ఉండగా, నడుం లోతు చెరువులో మొదలుపెట్టండి. పారే కాలువలో వద్దు. మా చిన్నదానికి మూడు వారాలు పట్టింది.

బడికి వెళ్లని ఆడపిల్ల ఏమైపోతుందని ఎవరైనా అంటే దుర్గాబాయ్ దేశ్‌ముఖ్ పేరు చెప్పండి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఇంగ్లీషు మీడియం పెట్టారని చిన్నప్పుడే బడి మానేసి, ఆడవాళ్లకు హిందీ నేర్పారు. తర్వాత ప్రైవేటుగా మెట్రిక్ చదివి, లాయరై, రాజ్యాంగ సభలో కూర్చున్నారు. మా పెద్దది ఈ సంగతి చుట్టాలకు తనే చెబుతుంది, నేను నోరు తెరిచేలోపు.

8. తిరిగి బడికి పంపాల్సి వస్తే

పిల్లకు వారాల తరబడి ఈడు పిల్లలతో మాటలు లేకపోయినా, మీకు ఆరోగ్యం బాగోక పాఠాలు ఆగిపోతున్నా, పిల్ల తనంతట తను బడి కావాలన్నా పంపండి. చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి లోపు పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ అడిగే హక్కు కూడా పిల్లకు ఉంది. మీరు తేదీలు వేసి రాసుకున్న నోటుబుక్కు అప్పుడు చూపిస్తే, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో టీచర్లకు తెలుస్తుంది.

మా చిన్నది వచ్చే జూన్‌లో ఊరి బడిలో చేరతానంటోంది. దాని సైకిలు సీటు ఎత్తు పెంచించాం. పెద్దది ఓపెన్‌లో పది రాసి, ఇంటర్‌కు నరసాపురం వెళ్లాలనుకుంటోంది. రోజూ పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి పాయ దాటి వెళ్లి రావడమా, హాస్టలా అన్నది తేలలేదు. పోయిన ఆదివారం పంటు వేళలు, బస్సు వేళలు, ఖర్చు పట్టిక వేసి మా ఆయన ముందు పెట్టింది.