ప్రోటీన్ల జత లెక్కలు, 5వ పాఠం: గెట్టు జరిగిన ల్యూసిన్ 54

మనం చూస్తున్నవి రెండు ప్రోటీన్లు: క్యాన్సర్‌ను అడ్డుకునే పి53, దాన్ని పట్టుకుని అణిచే ఎండీఎం2. వాటి అమైనో ఆమ్లాల (ట్రిప్టోఫాన్ 23 అంటే గొలుసులో 23వది) మధ్య జతల వారీగా శక్తి లెక్కేస్తున్నాం, ఎంత మైనస్ వస్తే అంత గట్టి పట్టు. నాలుగో పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లన్నిటిలో ఒకటే గోస. "సార్, పి53 ట్రిప్టోఫాన్ 23కి, ఎండీఎం2 ల్యూసిన్ 54కి మధ్య హైడ్రోజన్ బంధం ఉందన్నరు, మా పట్టికలో ఆ జతకు పెద్దగా ఏం లేదు, పక్కన ఫినైల్‌అలనిన్ 55 దగ్గర మాత్రం బాగా మైనస్ వచ్చింది." హన్మకొండలో రూములో ఉండి చదువుకునే ఒకతను దీనికోసం ఈ లెక్కలు చేసే గేమెస్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడట. ఎందుకయ్యా? లెక్క సరిగ్గానే వచ్చింది.

మనం వాడే ఎఫ్ఎంఓ (ఫ్రాగ్మెంట్ మాలిక్యులర్ ఆర్బిటల్) పద్ధతి ప్రోటీన్‌ను ముక్కలుగా కోసి లెక్కేస్తుంది. కానీ అమైనో ఆమ్లాలను కలిపే పెప్టైడ్ బంధం దగ్గర కొయ్యరు. అక్కడ ఎలక్ట్రాన్లు కార్బొనిల్‌కు (కార్బన్, ఆక్సిజన్ ద్విబంధపు జత), నైట్రోజన్‌కు మధ్య పరుచుకుని ఉంటాయి, బంధానికి సగం ద్విబంధ లక్షణం ఉంటుంది, కోస్తే లెక్క పాడవుతుంది. అందుకని ఆల్ఫా కార్బన్‌కు (సైడ్ చెయిన్ తగిలి ఉండే కార్బన్), దాని కార్బొనిల్‌కు మధ్యనున్న ఏకబంధాన్ని కోస్తారు. దాంతో ప్రతి అమైనో ఆమ్లం కార్బొనిల్ తర్వాతి ముక్కలో పడుతుంది, సర్వేలో గెట్టు జరిగి మన బావి పక్కోడి పట్టాలోకి పోయినట్టు. ట్రిప్టోఫాన్ సైడ్ చెయిన్‌లోని ఇండోల్ వలయపు ఎన్‌హెచ్ పట్టుకున్నది ల్యూసిన్ 54 వెన్నెముక కార్బొనిల్ ఆక్సిజన్‌నే, కానీ అది ముక్క 55లో ఉంది. సైడ్ చెయిన్ జరగదు. వెన్నెముక ఎన్‌హెచ్ జరగదు. జరిగేది కార్బొనిల్ ఒక్కటే, అదీ గొలుసు చివరి దానికి తప్ప. పట్టికలో 'ల్యూసిన్ 54' అని కాదు, 'ముక్క 54' అని రాయండి, సగం గొడవ అక్కడే తీరుతుంది.

54, 55 ముక్కల మధ్య వచ్చిన భారీ అంకె చూసి టెన్షన్ పడకండి. అవి కోసిన బంధంతో అతుక్కున్నవి, ఆ అంకె వదిలెయ్యండి.

ఉత్త హార్ట్రీ-ఫాక్ (ఎలక్ట్రాన్ల లెక్కలో మొదటి మెట్టు పద్ధతి)తో నడిపినవాళ్లకు పి53లోని ఫినైల్‌అలనిన్ 19, ట్రిప్టోఫాన్ 23, ల్యూసిన్ 26 బలం తక్కువగా కనిపిస్తుంది, అందులో డిస్పర్షన్ (ఎలక్ట్రాన్ల కదలికల వల్ల పరమాణువుల మధ్య వచ్చే చిన్న ఆకర్షణ) ఉండదు కాబట్టి. 2004లో వచ్చిన నట్లిన్లు (పి53ను ఎండీఎం2 పట్టుకోకుండా ఆపే మందు అణువులు) దూరేది ఎండీఎం2లో ఈ మూడు దిగే గుంతల్లోకే, అక్కడ తేడా వస్తే మందు సంగతే తారుమారు. నేనైతే ఇన్‌పుట్ తప్పులు పట్టడానికే హార్ట్రీ-ఫాక్ నడుపుతా, నమ్మేది డిస్పర్షన్‌ను కూడా లెక్కలోకి తీసుకునే ఎంపీ2 పద్ధతినే.

అభ్యాసం: 1వైసీఆర్ (ఈ రెండు ప్రోటీన్లు కలిసి ఉన్న నిర్మాణం, ప్రోటీన్ డేటా బ్యాంక్‌లోది)లో బి గొలుసు (పి53) ప్రతి ముక్కకూ ఎ గొలుసు (ఎండీఎం2) ప్రతి ముక్కతో జత శక్తి తీయండి. బలమైన పది జతలను అణువుల బొమ్మ చూపే పైమాల్‌లో తెరిచి, తాకే పరమాణువు ఏ ముక్కలో పడిందో చేత్తో రాయండి. ఫినైల్‌అలనిన్ 19 ఎన్‌హెచ్‌కు, గ్లుటమిన్ 72 సైడ్ చెయిన్‌కు మధ్య బంధం ఏ జతలో జమ అవుతుందో ముందే చెప్పి, తర్వాత పట్టిక చూడండి. హిస్టిడిన్ 96 ప్రోటాన్‌ను ఒకసారి ఒక నైట్రోజన్ మీద, ఇంకోసారి రెండోదాని మీద పెట్టి విడివిడిగా నడపండి. జతలన్నీ కూడేసి బంధ బలం ఇంతే అనకండి, ప్రోటీన్ చుట్టూ ఉండే నీళ్ల ప్రభావం లెక్క ఆరో పాఠంలో.