ప్లాస్మా టీవీలో గేమ్ ఆడితే మచ్చ పడుతుందా? పడకుండా నేను చేసే పనులు

"మామా, టీవీల దయ్యముంది!" అని మా అక్క కొడుకు కేక పెట్టింది 2017 దసరా సెలవుల్లో. వాడు పొద్దున్నుంచీ పీఎస్3 గేమ్ బాక్స్‌లో ఫిఫా ఫుట్‌బాల్ ఆట ఆడుతున్నాడు. మధ్యలో అన్నానికి లేస్తూ ఆట పాజ్‌లో పెట్టాడు. తిని, వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడి, గంట తర్వాత వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. సాయంత్రం మా అమ్మకు సీరియల్ టైమైందని డిష్‌కి మార్చాం. సిగ్నల్ వచ్చేలోపు తెర ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు కనబడింది. ఎడమవైపు పైమూలలో స్కోరు డబ్బా అలాగే ఉంది. రెండు జట్ల పేర్లలో అక్షరాలు కూడా చదవొచ్చు.

ఆ 42 అంగుళాల టీవీని సెకండ్ హ్యాండ్‌లో 13,500 పెట్టి కొని అప్పటికి మూడు నెలలే. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

తెల్లారి చూస్తే స్కోరు డబ్బా లేదు. కానీ దాని కోసం వెతుకుతూ పెన్‌డ్రైవ్‌లోంచి నిండా బూడిదరంగు ఉన్న ఫొటో ఒకటి తెరమీద పెట్టాను. అందులో ఇంకో మచ్చ దొరికింది. కింద అంచుకు కాస్త పైన, ఈ చివర నుంచి ఆ చివరకు, రెండు వేళ్ళ మందాన పట్టీ. అది మాత్రం వారమైనా పోలేదు, ఇప్పటికీ ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే అది గేమ్ వల్ల పడింది కాదు.

నేను టీవీ మెకానిక్‌ని కాను. హనుమకొండలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అసిస్టెంట్‌ని. మా ల్యాబ్‌లో రెండు ట్యూబ్‌లైట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి పోయి కొత్తది వేసిన రోజు నుంచి రెండోది మసకగా కనిపించడం మొదలవుతుంది. ముందురోజు దాకా దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. ప్లాస్మా తెరమీద మచ్చ అంటే అచ్చం అదే. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలానికి మూడు చిన్న అరలుంటాయి. వాటిలో నియాన్, జినాన్ వాయువులు ఉంటాయి. కరెంటు తగిలితే ఆ వాయువు నుంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి, అవి అర గోడలకు పూసిన ఫాస్ఫర్ పొడిని వెలిగిస్తాయి. ట్యూబ్‌లైట్‌లో జరిగేదీ ఇదే, అక్కడ ఆ కిరణాలు పాదరసం ఆవిరి నుంచి వస్తాయి. వెలిగినకొద్దీ ఆ పొడి సత్తువ తగ్గుతుంది. తెర మొత్తం ఒకేలా తగ్గితే కంటికి తెలియదు. ఒక్కచోటే ఎక్కువ తగ్గితే అక్కడ అచ్చు పడినట్టు కనిపిస్తుంది. మెకానిక్‌లు "స్క్రీన్ బర్న్ అయింది" అంటారు గానీ అందులో కాలేది ఏమీ లేదు.

కాబట్టి ముందు చేయాల్సిన పని, మీకు కనిపిస్తున్నది ఏ రకం మచ్చో తేల్చుకోవడం. గేమ్ ఆపగానే కనబడి, కాసేపు కదిలే బొమ్మలు చూస్తే పోయేది ఒకటి. ఇది అరల్లో మిగిలిపోయిన తాత్కాలిక ప్రభావం, పొడి అరిగిపోవడం కాదు. మావాడి స్కోరు డబ్బా ఇదే. కొన్నిసార్లు అయిదు నిమిషాల్లో పోతుంది, కొన్నిసార్లు రాత్రంతా పడుతుంది. రెండోది నిజంగా పొడి అరిగి పడిన మచ్చ, అది పోదు. తేల్చుకోవడానికి బూడిదరంగు ఫొటో తెరమీద పెట్టి, గది చీకటి చేసి, ఫోన్‌ని స్టూలు మీద ఒకేచోట ఆనించి ఫొటో తీయండి. టీవీని మామూలుగా వాడుతూ రెండు రోజులకు మళ్ళీ అదే చోటి నుంచి తీయండి. కంటిని నమ్మొద్దు. ఒకసారి అనుమానం వచ్చాక కన్ను లేని మచ్చను కూడా చూస్తుంది, ఇది నా అనుభవం.

ఇక్కడ ఒక ముచ్చట. ప్లాస్మా తెరను 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వాళ్ళ విద్యార్థి రాబర్ట్ విల్సన్ తయారుచేశారు. ప్లేటో అని విద్యార్థులకు పాఠాలు చెప్పే కంప్యూటర్ వ్యవస్థ కోసం చేశారు. అప్పట్లో కంప్యూటర్ మెమరీ చాలా ఖరీదు. వీళ్ళ తెరలో ఒకసారి వెలిగించిన చుక్క, అర గోడల మీది విద్యుదావేశం వల్ల తనంతట తానే గుర్తుపెట్టుకొని వెలుగుతూ ఉండేది. గుర్తుపెట్టుకోవడమే దాని గొప్ప.

ఇప్పుడు సెట్టింగులు. షాపులో టీవీ పెట్టినప్పుడు డైనమిక్ లేదా వివిడ్ మోడ్‌లో ఉంచుతారు, లైట్ల మధ్య మెరిసిపోవాలని. ఇంట్లో దాన్ని తీసేసి సినిమా మోడ్ గానీ స్టాండర్డ్ గానీ పెట్టండి. తర్వాత కాంట్రాస్ట్ తగ్గించండి. చాలామంది బ్రైట్‌నెస్ తగ్గించి ఊరుకుంటారు. అది నలుపు ఎంత నల్లగా ఉండాలో చూసేది, దాంతో పెద్దగా లాభం లేదు. తెల్లటి భాగాలు ఎంత గట్టిగా వెలగాలో చెప్పేది కాంట్రాస్ట్. నేను నూటికి 55 దగ్గర పెట్టాను. మొదటి రెండు రోజులు అమ్మ "గిదేం బిడ్డా, టీవీ గుడ్డిగైంది" అంది. మూడో రోజు నుంచి ఆ మాటే లేదు.

కాంట్రాస్ట్ గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. ప్లాస్మా టీవీ మొత్తం కరెంటు వాడకానికి ఒక హద్దు పెట్టుకుంటుంది. తెరంతా తెల్లగా ఉంటే ఒక్కో చుక్కకు తక్కువ వెలుగిస్తుంది. తెర చాలావరకు చీకటిగా ఉండి ఒక మూల చిన్న తెల్లడబ్బా మాత్రమే ఉంటే, మిగిలిన శక్తి ఉంది కదా అని ఆ డబ్బాను మరింత గట్టిగా వెలిగిస్తుంది. అంటే పట్టపగలు పచ్చటి మైదానంలో ఫుట్‌బాల్ కన్నా, రాత్రిపూట సందుల్లో తుపాకీ పట్టుకొని తిరిగే ఆటే తెరకు ఎక్కువ చేటు. చీకట్లో మినుకుమినుకుమనే తుపాకీ గుండ్ల లెక్క, హెల్త్ గీత, మ్యాప్ అన్నీ అక్కడే, కదలకుండా, పూర్తి వెలుగులో. నేను ఈ సంగతి తెలిసే దాకా ఉల్టాగా అనుకున్నాను, చీకటి ఆటలు తెరకు మంచివని.

కాబట్టి ఆట మొదలుపెట్టే ముందు ఆ ఆట సెట్టింగుల్లోకి వెళ్ళండి. తెరమీద కదలకుండా కూర్చునే స్కోర్లు, మ్యాపులు, గీతలన్నిటినీ కలిపి గేమర్లు హడ్ అంటారు. కొన్ని ఆటల్లో దాన్ని పూర్తిగా తీసేయొచ్చు, కొన్నిటిలో పలచగా చేయొచ్చు. ఫిఫాలో టైమ్, స్కోరు చూపించే డబ్బా ఆఫ్ చేసుకోవచ్చు, కింద ఉండే రాడార్, అంటే చిన్న మ్యాప్, కూడా తీసేయొచ్చు. జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో డిస్‌ప్లే మెనూలో హడ్, రాడార్ రెండూ విడివిడిగా ఉంటాయి. రాడార్ లేకుండా దారి తెలియదు కాబట్టి నేను హడ్ మాత్రం ఆపేస్తాను. మావాడు మాత్రం స్కోరు కనబడకపోతే ఆడనన్నాడు. సరే, ఆడుకో, కానీ రెండు మ్యాచ్‌ల తర్వాత లేవాలని ఒప్పందం చేసుకున్నాం.

పాత పీఎస్2 ఆటలు ఆడేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. ఆ ఆటలు పాత టీవీల కొలతలో వస్తాయి, ఇరుపక్కలా నల్లపట్టీలు మిగులుతాయి. నలుపే కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. అక్కడ అరలు వెలగకుండా కొత్తగా మిగిలిపోతాయి, నడుమ భాగం అరుగుతుంది. కొన్ని వందల గంటల తర్వాత నిండు తెర సినిమా పెడితే రెండు పక్కలా ఎక్కువ వెలుగుతో నిలువు పట్టీలు కనిపిస్తాయి. ఆటలో వైడ్‌స్క్రీన్ ఆప్షన్ ఉంటే అదే పెట్టండి. లేకపోతే టీవీలో బొమ్మను సాగదీయండి, మనుషులు కాస్త లావుగా కనిపిస్తారు, అంతే. కొన్ని టీవీల్లో ఆ పక్క పట్టీలను నలుపు బదులు బూడిదరంగు చేసే సెట్టింగ్ ఉంటుంది, సాగదీయడం ఇష్టం లేనివాళ్ళకు అది మంచిది.

పిక్సెల్ ఆర్బిటర్ లేదా పిక్సెల్ షిఫ్ట్ అని మెనూలో ఉంటే ఆన్ చేసి మరిచిపోండి. బొమ్మ మొత్తాన్ని అప్పుడప్పుడు కొన్ని చుక్కలు అటూ ఇటూ జరుపుతుంది. మనకు తెలియదు కూడా. సన్న గీతలకు, అక్షరాలకు పనికొస్తుంది, మందపాటి డబ్బాకు అంచులు మాత్రమే మెత్తబడతాయి.

పాజ్ విషయానికి వస్తే, మా ఇంట్లో అసలు గొడవంతా దానితోనే. కదలని బొమ్మ గంటసేపు. స్క్రీన్ సేవర్ వస్తుందిలే అని నమ్ముకోవద్దు, కొన్ని ఆటల మధ్యలో అది రాదు. ఆట పోతుందని వాడి ఏడుపు, టీవీ పోతుందని నా ఏడుపు. దీనికి మందు ఎంత సులువంటే నాకే సిగ్గేసింది: ఆట పాజ్‌లో పెట్టి రిమోట్‌తో టీవీ ఆపేయడం. గేమ్ బాక్స్ ఆన్‌లోనే ఉంటుంది, ఆట ఎక్కడిదక్కడే ఉంటుంది, తెర మాత్రం చల్లగా ఉంటుంది.

రోజుకు ఎన్ని గంటలు ఆడొచ్చని అడుగుతారు. దానికి ఒక అంకె చెప్పడం నాకు నచ్చదు. వారంలో నాలుగు రకాల ఆటలు ఆడుతూ, మధ్యలో సినిమాలు చూసే ఇంట్లో రోజూ రెండు గంటలు ఆడినా భయం లేదు. నెలల తరబడి ఒకే ఆట, అదే మ్యాప్, అదే మూల అయితే గంట కూడా కూడుతూ పోతుంది. నేను ఆట అయ్యాక అరగంట పాటు నిండు తెర సినిమా గానీ పాటలు గానీ పెడతాను.

ఇప్పుడు ఆ కింది పట్టీ సంగతి. మొదట నేనూ గేమ్‌నే అనుమానించాను. తర్వాత పెన్‌డ్రైవ్‌లో నిండు ఎరుపు, నిండు ఆకుపచ్చ, నిండు నీలం ఫొటోలు చేసుకొని ఒక్కొక్కటి పెట్టాను. ఎరుపులో పట్టీ లేదు. ఆకుపచ్చలో ఉందా లేదా అన్నట్టుంది. నీలంలో మాత్రం స్పష్టంగా కనబడింది. తెలుపు మీద పెడితే పసుపు చాయ. అంటే అక్కడ అరిగింది నీలం పొడి. మూడు పొడుల్లో నీలమే త్వరగా అరుగుతుంది, నిజమే. కానీ తెర అడుగున, ఈ చివర నుంచి ఆ చివరకు, నీలం రంగులో ఏముంటుంది? ఫిఫాలో లేదు. మరునాడు పొద్దున ఆరింటికి అమ్మ వార్తలు పెట్టింది. తెర అడుగున నీలం పట్టీ, దానిమీద తెల్లటి స్క్రోలింగ్. స్టూలు మీద నుంచే ఫొటో తీసి పాత ఫొటో పక్కన పెడితే అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మూడు నెలల్లో అంత మచ్చ పడదు. నాకు అమ్మిన పెద్దాయన ఇంట్లో కూడా ఏళ్ళ తరబడి పొద్దస్తమానం అదే ఛానల్ నడిచి ఉంటుంది. మా అమ్మ ఆ పుణ్యకార్యాన్ని కొనసాగించింది.

"నీ ఆటలకు ఏం గాలె గని నా వార్తలకే మచ్చ వడ్డదా?" అని అమ్మ ఇప్పటికీ నమ్మదు.

మచ్చ పడ్డాక ఏం చేయాలంటే, తాత్కాలికమైనదైతే కదిలే బొమ్మలు చాలు. మెనూలో వైట్ వాష్ అనో, స్క్రోలింగ్ అనో ఉంటే అరగంట నడపండి. రాత్రుళ్ళు, రోజులు నడపొద్దు. అది పోయిన పొడిని తిరిగి తేలేదు, మిగతా తెరను కూడా అరగదీసి మచ్చతో సమానం చేయాలని చూస్తుంది. మచ్చ తీస్తానని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. తుడిచేది, పూసేది ఏదీ లేదు, ఉన్నదంతా గాజు లోపలే.

కొత్త ప్లాస్మా టీవీ ఇప్పుడు దొరకదు. ప్యానసోనిక్ 2013 చివరలో తయారీ ఆపేసింది, శాంసంగ్, ఎల్‌జీ 2014లో ఆపేశాయి. ఇక మిగిలింది సెకండ్ హ్యాండే. కొనేటప్పుడు ఆ అయిదు ఫొటోలు, అంటే తెలుపు, బూడిద, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్ళండి. అమ్మేవాళ్ళు సినిమా పాట పెట్టి చూపిస్తారు, దాంట్లో ఏ మచ్చా కనబడదు. ముందుగా నీలం పెట్టండి, కింది అంచు, పై మూలలు చూడండి. తెచ్చేటప్పుడు టీవీని నిలబెట్టే తీసుకురండి, పడుకోబెట్టొద్దు. పెద్ద గాజు పలక, బరువెక్కువ.

ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్ళకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, అక్కడ కూడా ప్రతి చుక్కా తనంతట తానే వెలిగి అరుగుతుంది. మామూలు ఎల్‌ఈడీ టీవీకి ఈ టెన్షన్ పెద్దగా లేదు, దానికి వెలుగు వెనక నుంచి వస్తుంది.

మా టీవీ ఇంకా నడుస్తోంది. మావాడు ఇప్పుడు ఇంజనీరింగ్‌కు వచ్చాడు, సెలవులకు వస్తే కార్ల రేసు ఆడతాడు. బూడిదరంగు రోడ్డు మీద ఆ పసుపు పట్టీ లీలగా కనిపిస్తుంది. వాడు దాన్ని స్పీడ్ బ్రేకర్ అంటాడు. ఎంత వేగంగా తోలినా కారు దాన్ని దాటి పోదు.